గురుడిని గీస్తే ప్రతిసారీ రెండు గీతలే వస్తున్నాయి. మీకు అన్ని వివరాలు ఎలా కనిపిస్తున్నాయి?

కూకట్‌పల్లి_130
నవంబరులో 130 మి.మీ. న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్) కొన్నాను. ఫోకల్ లెంగ్త్ 650. 10 మి.మీ. ఐపీస్‌కి (కన్ను ఆనించే కటకానికి) రెండింతలు చేసే బార్లో కటకం పెడితే 130 రెట్లు. రెండు నెలలుగా మేడ ఎక్కి గురుణ్ని చూస్తున్నాను, అయినా బఠాణీ గింజంతే కనిపిస్తాడు. ఇక్కడ కొందరు పెట్టే స్కెచ్‌లలో కొక్కేలు, తెల్ల మచ్చలు, పట్టీల (గురుడి మీది ముదురు మబ్బు వరసల) మధ్య సన్నని చారలు ఉంటాయి. నా పుస్తకంలో తొమ్మిది బొమ్మలున్నాయి. తొమ్మిదింటిలోనూ ఒక గుండ్రం, రెండు అడ్డగీతలు. నిన్న మా పాప తిరగేసి "అన్నీ ఒకలాగే ఉన్నాయేంటి నాన్నా" అంది. బాధేసింది. టెలిస్కోప్ చిన్నదా, నా కంటిలో ఏమైనా తేడా ఉందా, లేక కొందరు ఫొటో పక్కన పెట్టుకుని గీస్తున్నారా? దయచేసి సూటిగా చెప్పండి.

నల్లకుంట_6అంగుళాలు
ఒక్కసారికి ఐపీస్ దగ్గర ఎంతసేపు ఉంటావు? గీసేది ఎక్కడ?

కూకట్‌పల్లి_130
అయిదు నిమిషాలు చూస్తాను అన్నా. తర్వాత కిందికి దిగి ట్యూబ్‌లైట్ వెలుగులో గుర్తున్నంత గీస్తాను. మేడ మీద కూర్చునే వీలు లేదు.

నల్లకుంట_6అంగుళాలు
అదీ సంగతి. టెలిస్కోప్ బాగానే ఉంది, దాన్నేమీ అనకు.

మల్కాజ్‌గిరి_మబ్బులు
ముందు ఆ బఠాణీ లెక్క తేల్చుకుందాం. ఈ నెల 10నే, అంటే 2026 జనవరి 10న, ప్రతియోగం (సూర్యుడికి సరిగ్గా ఎదురువైపు గురుడు వచ్చే రోజు) అయింది. గురుడి వెడల్పు ఇప్పుడు 46 ఆర్క్ సెకన్ల (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) దాకా ఉంది. 40 రెట్లు పెంచితేనే మామూలు కంటికి పున్నమి చంద్రుడు ఎంతో అంత అవుతాడు. నువ్వు 130 పెడుతున్నావు, అంటే నిండు చంద్రుడికి మూడింతల వెడల్పు. చుట్టూ నల్లగా ఉండి, పోల్చుకోవడానికి పక్కన ఏమీ లేక చిన్నగా అనిపిస్తాడు అంతే. చంద్రుడు పైనున్న రాత్రి ఒక కన్ను ఐపీస్‌లో పెట్టి, రెండో కంటితో చంద్రుణ్ని చూడు. నమ్మకం కుదురుతుంది.

కూకట్‌పల్లి_130
మూడింతలా!! ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు.

పెన్సిల్_2బి
కూకట్‌పల్లి గారూ, ఫొటో చూసి గీస్తారా అన్న మీ అనుమానానికి తర్వాత వస్తాను. ముందు ఒక స్టూలు సంపాదించండి. నడుము వంచి నిలబడితే కన్ను ఐపీస్ దగ్గర కుదురుగా ఉండదు. కుదురులేని కంటికి రెండు పట్టీలకి మించి దొరకవు.

మొదటి 20 నిమిషాలు పెన్సిల్ ముట్టుకోకండి. ఊరికే చూడండి. గాలి కదులుతుంటే గురుడు నీళ్ల తొట్టి అడుగున పడ్డ రూపాయి బిళ్లలా వణుకుతూ ఉంటాడు. మధ్యలో ఒక్క క్షణం ఆ వణుకు ఆగుతుంది. మీరు అడ్డగీత అనుకున్న పట్టీ అంచు చిరిగిన చీర అంచులా ఉందని అప్పుడు తెలుస్తుంది. కళ్లార్పేలోగా మళ్లీ మసక. అలాంటి క్షణాలు నిమిషానికి రెండు వస్తే అది మంచి రాత్రి. మీరు అయిదు నిమిషాలకే దిగిపోతే కంటికి అలవాటయ్యేలోపే ఆట ముగిసిపోతుంది.

గుండ్రం గీయకండి. గురుడు నడుము దగ్గర 1,42,984 కి.మీ., ధ్రువాల మధ్య 1,33,708 కి.మీ. నేను శుభలేఖ అట్టని 48 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. ఎత్తు వచ్చేలా కత్తిరించి పెట్టుకున్నాను. పగలే దాని చుట్టూ గీసి పది కాగితాలు సిద్ధంగా ఉంచుకుంటాను. పూర్తి గుండ్రంలో గీస్తే పట్టీలు ఎక్కడ పెట్టినా సరిపోయినట్టు ఉండవు.

మొదలుపెట్టాక మాత్రం తొందర పడాలి. గురుడు 9 గంటల 55 నిమిషాల్లో ఒక చుట్టు తిరిగేస్తాడు. 10 నిమిషాలకి 6 డిగ్రీలు. మన 48 మి.మీ. బొమ్మలో నడిమధ్య ఉన్న మచ్చ అంతలోనే రెండున్నర మి.మీ. పక్కకి పోతుంది. అందుకే మొదట పట్టీలు ఏ ఎత్తులో ఉన్నాయో, ఎంత మందమో పెట్టేసి టైం రాస్తాను. ఆ వెంటనే ముదురు ముక్కలు, గుంటలు ఎక్కడున్నాయో చుక్కలతో గుర్తు పెడతాను. ఇదంతా 10 నిమిషాల్లో అయిపోవాలి. లేత, ముదురు నింపడం తర్వాత నిదానంగా చేసుకోవచ్చు. వేలితో రుద్దకండి, చెమట అంటి కాగితం జిడ్డవుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్ల చాలు. తెల్లటి మచ్చలు కావాలంటే రబ్బరుని బ్లేడుతో వాలుగా కోసి, ఆ మొనతో నలుపు ఎత్తేయాలి.

బోడుప్పల్_డాబ్
అక్కా, రూపాయి బిళ్ల మాట మస్తుగా చెప్పినవ్. ఆ వణుకు సగం మన స్లాబ్ వల్లనే. పగలంతా ఎండ తాగి రాత్రి పది దాకా వేడి కక్కుతనే ఉంటది. నేను పొద్దు గూకంగనే మేడ మీద రెండు బకెట్లు నీళ్లు చల్లుతున్న. టెలిస్కోప్ గూడ గంటన్నర ముందే బయట పెడుతున్న, అద్దం చల్లబడాలె. పక్కింటి ఏసీ బయటి డబ్బా మీదుగా చూస్తే మాత్రం ఎన్ని నీళ్లు చల్లినా లాభం లేదు.

కూకట్‌పల్లి_130
మా మేడకి పడమర వైపు వరసగా నాలుగు ఏసీ డబ్బాలున్నాయి. శనిని నేను వాటి మీదుగానే చూస్తున్నాను!

నల్లకుంట_6అంగుళాలు
గురుడికి ఆ బాధ లేదు. ఇప్పుడు మిథునంలో ఉన్నాడు, డిక్లినేషన్ (ఆకాశంలోని మధ్యరేఖకి ఉత్తరంగా దూరం) 22 డిగ్రీల పైన. మన హైదరాబాద్ అక్షాంశం 17.4. అంటే పదకొండు, పన్నెండు మధ్య మన నడినెత్తి దాటి కాస్త ఉత్తరంగా పోతాడు. గ్రహం నడినెత్తికి దూరంగా, కిందికి కనిపించే చోట్ల వాళ్లు దాన్ని మందపాటి గాలిలోంచి చూస్తారు. మనకి అన్నిటికన్నా పలచటి గాలి దొరుకుతుంది. దీన్ని వదులుకోకూడదు.

బోడుప్పల్_డాబ్
నడినెత్తి మీద డాబ్‌తోని, అంటే పెట్టెల తిరిగే టెలిస్కోపుతోని, చాలా కష్టం అన్నా. కొద్దిగ జరపాలంటే మొత్తం పెట్టె తిప్పాలె. నేను తొమ్మిదిలోపే, గురుడు ముప్పావు ఎత్తుల ఉండంగనే గీసేస్తున్న.

కెమెరా_కిట్టు
నాదొక ప్రశ్న. అదే 130 మీద ఫోన్ బిగించి రెండు నిమిషాల వీడియో తీస్తే చాలు. కదలని ఫ్రేములు ఏరి కలిపే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. పెన్సిల్ గారు చెప్పిన ఆ వణుకు ఆగిన క్షణాలని అది వందల్లో పట్టుకుంటుంది. ఫొటో లేని కాలంలో చేత్తో గీశారంటే అర్థముంది. ఇప్పుడు గంట సేపు మెడ నొప్పి పెట్టుకుని గీసినదానితో ఏం ఉపయోగం?

నల్లకుంట_6అంగుళాలు
అతను అడిగింది కంటికి ఎలా కనిపిస్తుందని కిట్టూ.

కెమెరా_కిట్టు
వివరాలు కావాలన్నాడు. వివరాలు కెమెరాలో ఉన్నాయి. నేను తప్పుగా ఏమన్నాను?

పాత_మేడ
కిట్టు బాబూ, నా నోటుపుస్తకంలో ఒక పేజీ సంగతి చెబుతాను.

2010 జూన్ మొదటి వారం, తెల్లవారుజామున నాలుగున్నర. నా 80 మి.మీ. రిఫ్రాక్టర్‌లో (కటకంతో పనిచేసే టెలిస్కోప్‌లో) గురుడికి ఒక్క పట్టీయే ఉంది. దక్షిణ పట్టీ లేదు. ఐపీస్ మార్చాను, కళ్లజోడు తుడుచుకున్నాను, గురుడు ఇంకాస్త పైకొచ్చేదాకా ఆగాను. అయినా లేదు. గీస్తుంటే చెయ్యి తనంతట తానే రెండో పట్టీ వైపు వెళ్లింది, ఏళ్లుగా గీసిన అలవాటు కదా. పెన్సిల్ ఆనించి మళ్లీ తీసేశాను. ఆ ఆనించిన చోట చిన్న గీత ఇప్పటికీ కనిపిస్తుంది. పక్కన "ద. పట్టీ కనబడలేదు, 4.40" అని రాసి దిగిపోయాను. అది నా చూపు మందగించడం వల్లేనేమోనని రెండు రోజులు లోపల దిగులు. తర్వాత తెలిసింది, ఆ ఏడాది ఆ పట్టీ నిజంగానే వెలిసిపోయిందట. నవంబరులో మళ్లీ ముదరడం మొదలైంది, అదీ గీశాను.

1994 జులైలో షూమేకర్-లెవీ తోకచుక్క ముక్కలు గురుణ్ని గుద్దినప్పుడు ఇక్కడ ముసురు. రెండు సాయంత్రాలు మాత్రం మబ్బు విడింది. 60 మి.మీ. దుర్భిణిలోనే దక్షిణం వైపు మసి పూసినట్టు మచ్చలు, పట్టీలకన్నా నల్లగా. గీసిన కాగితం పసుపు పచ్చబడింది, మచ్చలు అలాగే ఉన్నాయి.

ఉపయోగం అడిగావు. ఆ రెండు రాత్రులూ నాకు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయంటే గీయడం వల్లే.

మల్కాజ్‌గిరి_మబ్బులు
పాత మేడ గారూ, మీరు బేగంపేట నిజామియా అబ్జర్వేటరీకి వెళ్లేవారని ఒకసారి రాశారు కదా?

పాత_మేడ
కుర్రతనంలో ఒకట్రెండు సార్లు, అక్కడ తెలిసినాయన ఉంటే. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫీసల్‌బండలో మొదలుపెట్టిన అబ్జర్వేటరీ అది, తర్వాత బేగంపేటకి మారింది. 15 అంగుళాల గ్రబ్ కంపెనీ దుర్భిణి ఉండేది. ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు గారి తండ్రి పనిచేసింది అక్కడే. ఆ గుమ్మటం కింద నిలబడి తలెత్తి చూసినప్పుడు కలిగిన సంబరంతోనే నేను 60 మి.మీ. కొనుక్కున్నాను.

కెమెరా_కిట్టు
2010 సంగతి బాగుంది సార్. అయితే పట్టీ పోయిందని కెమెరా కూడా చెప్పేది కదా.

పాత_మేడ
చెప్పేది బాబూ. నీ దగ్గర కెమెరా ఉంది, తియ్యి, మాకూ చూపించు. గీసేవాణ్ని మాత్రం ఆపకు.

శనివారం_రాత్రి
పాత మేడ గారి పెన్సిల్ గీత చదివాక ఒకటి ఒప్పుకోవాలనిపించింది. నవంబరు ఆఖర్లో నేను ఇక్కడ పెట్టిన శని స్కెచ్‌లో ఉంగరం మధ్య కాసీనీ ఖాళీ (ఉంగరాన్ని రెండుగా చీల్చే సన్నటి నల్ల సందు) గీశాను. అందరూ మెచ్చుకున్నారు కూడా. నాది 70 మి.మీ.

నల్లకుంట_6అంగుళాలు
నవంబరు ఆఖర్లోనా? అప్పుడు ఉంగరం వంపు అర డిగ్రీ కూడా లేదు. 2025 మార్చి 23న ఉంగరం అంచు సరిగ్గా మనవైపు తిరిగింది, నవంబరులో మళ్లీ దాదాపు అలాగే అయింది. 8 అంగుళాల్లో కూడా గ్రహం గుండా గుచ్చిన సూదిలా ఉంది.

శనివారం_రాత్రి
అవును. నాకు కనిపించిందీ సూదే. శని అంటే ఉంగరం, ఉంగరం అంటే ఆ ఖాళీ ఉండాలి అనుకుని గీసేశాను. ఆ స్కెచ్ తీసేస్తున్నాను.

పెన్సిల్_2బి
తీసేయకండి. కింద "ఖాళీ కనిపించలేదు, అలవాటుగా గీశాను" అని రాసి ఉంచండి. కూకట్‌పల్లి గారి మూడో అనుమానానికి జవాబు ఇదే. దురుద్దేశంతో ఎవరూ ఫొటో చూసి గీయరు. తెలిసినదాన్ని చెయ్యి గీసేస్తుంది. కుజుడి మీద ఇంత పెద్ద రచ్చ జరిగింది అందుకే. 1877లో ఖగోళ శాస్త్రవేత్త షియాపరెల్లి సన్నటి గీతలు గీశాడు, తర్వాత లోవెల్ అనే పరిశీలకుడు వాటిని కాలువలన్నాడు, ఏళ్ల తరబడి వందల కాలువలు గీశాడు. 1909లో ఆంటోనియాడి అనే ఇంకో పరిశీలకుడు పారిస్ దగ్గరి మ్యూడాన్‌లోని 83 సెం.మీ. టెలిస్కోప్‌తో గాలి కుదురుగా ఉన్న రాత్రుల్లో చూస్తే ఆ గీతలన్నీ విడివిడి మచ్చలుగా, చెదురుమదురు ముక్కలుగా విడిపోయాయి. వాళ్లేమీ అబద్ధాలకోరులు కాదు. అరకొరగా కనిపించిన చుక్కల్ని కన్ను కలిపేసింది. అందుకే నేను బొమ్మ పక్కన మూడు మాటలు రాస్తాను: ఖాయంగా చూసింది, అనుమానం ఉన్నది, వెతికినా కనిపించనిది.

శనివారం_రాత్రి
ఆ మూడో మాట నా పుస్తకంలో ఎక్కడా లేదు. ఇకమీదట రాస్తాను.

బోడుప్పల్_డాబ్
2020 డిసెంబర్ 21న గురుడు, శని ఒక్క ఐపీస్‌ల పట్టినప్పుడు నేను గీసిన బొమ్మ మా ఇంట్ల ఫ్రేం కట్టి ఉన్నది. పడమరల మస్తు కిందికి ఉండె, వణుకుడే వణుకుడు. రెండు తేలిపోయిన ముద్దలు, నడుమ ఆరు ఆర్క్ నిమిషాలు (డిగ్రీల పదో వంతు). అందుల వివరం ఏం లేదు. అయినా మా అవ్వ వచ్చినోళ్లందరికీ చూపిస్తది.

కూకట్‌పల్లి_130
నాకు గురుడి మీది పెద్ద తుపాను, ఆ ఎర్రమచ్చ, ఇంతవరకూ కనిపించలేదు. 130లో అసలు కనిపిస్తుందా?

పెన్సిల్_2బి
ఎరుపు కోసం వెతక్కండి. అది లేత నారింజ రంగు, చిన్న టెలిస్కోప్‌లో రంగు తెలియకపోవచ్చు. దక్షిణ పట్టీ అంచులో గిన్నెలా ఒక గుంట పడి ఉంటుంది, దాన్ని వెతకండి. గుంట దొరికితే అందులో కూర్చున్నదే మచ్చ. అది మనవైపు తిరిగి ఉన్న సమయం కూడా కావాలి. మనం చూసే వేళకి సగం రాత్రులు వెనకవైపే ఉంటుంది.

మల్కాజ్‌గిరి_మబ్బులు
లేత నీలం 80ఏ ఫిల్టర్ పెడితే పట్టీలు, ఆ గుంట కాస్త ముదురుగా తేలతాయి. కొందరికి నచ్చదు, నాకు పనికొచ్చింది.

కూకట్‌పల్లి_130
దక్షిణం పైనా కిందా? నాకు ఎప్పుడూ గందరగోళమే.

నల్లకుంట_6అంగుళాలు
న్యూటోనియన్‌లో మొత్తం తలకిందులు, ఎడమ కుడి కూడా తిరిగిపోతాయి. డయాగొనల్ (ఐపీస్‌ని పక్కకి తిప్పే అద్దం) పెట్టిన రిఫ్రాక్టర్‌లో నిటారుగానే ఉంటుంది కానీ అద్దంలో చూసినట్టు ఎడమ కుడి మారతాయి. ఏదైనా సరే, మోటారు ఆపేసి వదిలెయ్. గురుడు ఏ అంచు నుంచి బయటికి పోతాడో అది పడమర. 130 రెట్లకి ఒకటిన్నర నిమిషంలో దాటేస్తాడు. బొమ్మ మీద ఆ వైపు "ప" అని రాసుకో, కనిపించినట్టే గీయి, తిప్పి గీయకు.

శనివారం_రాత్రి
కాగితం మీద ఏ లైటు వేస్తున్నారు? నేను ఎర్ర లైటు. చీకటికి కళ్లు అలవాటు పడాలి కదా.

పెన్సిల్_2బి
నెబ్యులాలకి (మసక వాయు మేఘాలకి) అది అవసరం. గ్రహాలకి ఎర్ర లైటు వద్దంటాను. కాగితం మీద లేత నలుపు, ముదురు నలుపు తేడా తెలియదు. గురుడు ఎలాగూ వెలిగిపోతుంటాడు, కాస్త తెల్లటి వెలుగు ఉంటేనే రంగులూ తెలుస్తాయి.

శనివారం_రాత్రి
నేను ఒప్పుకోను. తెల్ల లైటు నుంచి ఐపీస్‌కి తిరిగితే నాకు అర నిమిషం ఏమీ తెలియదు.

పెన్సిల్_2బి
అయితే లైటు మీద రెండు పొరలు తెల్ల కాగితం అంటించి చూడండి. నాదీ అంతే.

బోడుప్పల్_డాబ్
లైటు ఏదైనా దోమలు మాత్రం పక్కా. ఫుల్ చేతుల చొక్కా తొడుక్కో తమ్మీ. సంక్రాంతి మాంజా ఇంకా మేడల మీద వేలాడుతున్నది, చీకట్ల మెడకి తగిలితే కోసుకపోతది. ఎక్కేముందు ఒక్కసారి టార్చి కొట్టి చూడు.

కూకట్‌పల్లి_130
మూడు రోజులు మబ్బు. నిన్న రాత్రి దొరికింది.

సెంట్రింగ్ వాళ్లు వదిలేసిన చెక్క బల్ల మీద దిండు వేసుకుని కూర్చున్నాను. టెలిస్కోప్ ఏడున్నరకే బయట పెట్టాను. 9.10కి ఎక్కి 9.35 దాకా పెన్సిల్ ముట్టుకోలేదు. మొదటి పది నిమిషాలు పాత కథే, రెండు గీతలు. తర్వాత ఒక్కసారి గాలి ఆగింది. ఉత్తర పట్టీ దక్షిణపు అంచు నుంచి నీలంగా సన్నటి కొక్కెం వేలాడుతోంది. మళ్లీ పోయింది. మూడోసారి కనిపించాక 9.40కి గీశాను.

ఇంకొకటి. రెండు పట్టీల మధ్య పెన్సిల్ మొనతో పొడిచినట్టు నల్లటి చుక్క. ఐపీస్ మీద దుమ్మనుకుని ఐపీస్ తిప్పాను, చుక్క తిరగలేదు. 9.52కి గుర్తు పెట్టాను. 10.15కి పడమర అంచు దగ్గర ఏదో బుడిపెలా పొడుచుకొచ్చి నిదానంగా చిన్న వెలుగు చుక్కగా విడిపోయింది. 10.22కి చూస్తే నల్ల చుక్క కూడా ఆ అంచు వైపు జరిగిపోయి ఉంది. నా బొమ్మలో కొలిస్తే అరగంటలో 10 మి.మీ. పైన. పాపని లేపి చూపించాను. ఇది ఏంటో ఎవరైనా చెప్పండి, రాత్రంతా నిద్ర పట్టలేదు.

నల్లకుంట_6అంగుళాలు
నీడ!! గురుడి చంద్రుల్లో ఒకదాని నీడ పట్టేశావ్!

మల్కాజ్‌గిరి_మబ్బులు
నీ కొలతే జవాబు చెబుతోంది. గురుడి చంద్రుడు ఐయో సెకనుకి 17 కి.మీ. పైన పోతుంది. అరగంటకి 31 వేల కి.మీ., అంటే గురుడి వెడల్పులో అయిదో వంతు కన్నా కాస్త ఎక్కువ. 48 మి.మీ.లో పదిన్నర. ఇంకో చంద్రుడు గానిమీడ్ అయితే అంత దూరం పోదు. ప్రతియోగం దాటింది కాబట్టి చంద్రుడు ముందు, నీడ వెనక. 10.15కి అంచు దగ్గర విడిపోయింది ఐయోనే. అప్పటిదాకా గురుడి ముందే ఉంది, ఆ వెలుతురులో కలిసిపోయి కనిపించలేదు.

కూకట్‌పల్లి_130
అంటే ఆ చుక్క దగ్గర నిలబడినవాళ్లకి సూర్యగ్రహణమా?

మల్కాజ్‌గిరి_మబ్బులు
అక్కడ నిలబడటానికి నేల లేదు గానీ, అవును. మబ్బుల మీద పడ్డ సంపూర్ణ సూర్యగ్రహణమే.

బోడుప్పల్_డాబ్
పాప ఏమన్నది తమ్మీ?

కూకట్‌పల్లి_130
చాలాసేపు కన్ను తీయలేదు అన్నా. తర్వాత నా పుస్తకం అడిగి తీసుకుని, చుక్క ఇంకొంచెం కిందికి ఉండాలంది. చూస్తే నిజమే, నేను పైకి పెట్టాను. తన పేరుతో పక్కన రాసుకున్నాను.

కెమెరా_కిట్టు
నిన్న నేనూ తీశాను, 9.48కి వీడియో. కలిపి చూస్తే ఆ కొక్కెం నా ఫొటోలోనూ ఉంది. ఇప్పుడే నీ స్కెచ్ పక్కన పెట్టి చూశాను. అయితే నీ బొమ్మలో ఉన్నదానికంటే నా దాంట్లో కాస్త పడమరకి ఉంది. నువ్వు కొద్దిగా తప్పు చోట గీసినట్టున్నావు.

పెన్సిల్_2బి
కిట్టూ, అతను 9.40కి గీశాడు. మీది 9.48. ఎనిమిది నిమిషాలకి గురుడు ఎంత తిరుగుతాడు?

కెమెరా_కిట్టు
దాదాపు 5 డిగ్రీలు. ఆగండి, కొలుస్తాను.

కెమెరా_కిట్టు
అతని 48 మి.మీ. సైజుకి నా ఫొటోని తగ్గించి కొలిచాను. 2 మి.మీ. తేడా. సరిగ్గా సరిపోయింది. కూకట్‌పల్లి అన్నా, సారీ. నీ చోటు కరెక్టే. మళ్లీ చూసే రోజు ముందే చెప్పు, ఇద్దరం ఒకే టైంకి మొదలుపెడదాం. నేను తీసింది నువ్వు గీయడం అయ్యేదాకా పంపను.

కూకట్‌పల్లి_130
తప్పకుండా కిట్టూ. రేపు మబ్బు లేకపోతే 9.15.

పాత_మేడ
స్కెచ్ చూశాను. బుడిపె పక్కన టైం రాశావు, ఐపీస్ రాశావు, గాలి ఎలా ఉందో రాశావు, అన్నీ బాగున్నాయి. తేదీలో సంవత్సరం వేయలేదు బాబూ. నా 1994 కాగితాల్లో రెండింటికి నేనూ వేయలేదు, ఏది ముందో ఏది తర్వాతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కూకట్‌పల్లి_130
ఇప్పుడే వేశాను సార్. పాత తొమ్మిదింటికీ వేశాను.